ఆర్జియా మామ్మ కాఫీలో విషం

"ఈ దేశం మొత్తం మీద పనికొచ్చే మెదళ్లు రెండే ఉన్నాయి సెత్తీమియో! ఒకటి బొలోన్యా నగరంలో గాజుసీసాలో భద్రంగా ఉంది. రెండోది ఇదిగో, ఈ టోపీ కింద!"

అంటూ ఒత్తోరీనో బల్ల గుద్దాడు. ఆ దెబ్బకి టోపీ జారి కళ్ల మీద పడింది.

"సీసాలోదే నయం, జారిపోదు" అన్నాను నేను.

ముప్ఫై ఏళ్లు మా కొండ ఊళ్ల మధ్య బస్సు నడిపాడు మావాడు. ఒకసారి పొగమంచులో మా ఊరు దాటిపోయి, జనాన్ని పక్క ఊళ్లో దింపేసి, "జరిగింది నేను కాదు, ఊరే జరిగింది" అని వాదించాడు. ముగ్గురు నమ్మి అక్కడే కాపురం పెట్టేశారు. రిటైరైన మర్నాడే వానకోటూ, టోపీ కొనుక్కుని డిటెక్టివునని చెప్పుకోవడం మొదలెట్టాడు. నాది క్షౌరశాల. ఆ తల లోపల ఏముందో నేను చెప్పలేను గాని, పైన ఏమీ లేదని నాకన్నా బాగా తెలిసినవాడు లేడు.

అప్పుడే మేం కూర్చున్న కాఫీ కొట్టులోకి ఆర్జియా మామ్మ కొడుకు తుల్లియో వచ్చాడు. నిన్నటి రొట్టెలా ఉంది వాడి ముఖం.

"ఒత్తోరీనో బాబాయ్, మా అమ్మ మీద విషప్రయోగం జరుగుతోందట."

ఒత్తోరీనో టోపీ సర్దుకుని లేచాడు. "ఆహా! మృత్యువు తలుపు తట్టిందన్నమాట!"

"తలుపు కాదు, కాఫీ కప్పు. నాలుగు రోజులుగా తన కాఫీ రుచి మారిపోయిందట. విషం కలుపుతున్నది నా పెళ్లామేనట. దాంతో అత్తాకోడళ్లు ఆకాశం దద్దరిల్లేట్టు అరుచుకుంటున్నారు. మధ్యలో ఆ హాలండు పిల్ల నలిగిపోతోంది బాబాయ్."

ఫెమ్కే అనే ఆ పిల్ల మా ఊరి బళ్లో ఏడాది చదువుకోవడానికి ఆదివారమే వచ్చింది. వీళ్లింట్లోనే ఉండాలి. మన మాట పది ముక్కలు కూడా రావు. అరుపులన్నీ తన గురించే అనుకుని పెట్టె కూడా విప్పకుండా కూర్చుందట. ఇలా పిల్లల్ని పంపే సంస్థ నుంచి శనివారం ఒకావిడ చూసిపోవడానికి వస్తుంది. ఇల్లు ఇలా తగలడుతుంటే పిల్లని మరో ఊరికి మార్చేస్తుంది.

"అది వెళ్లిపోతే మాకు దిగులు బాబాయ్" అన్నాడు తుల్లియో. "వాకిట్లోంచి వంగి లోపలికొచ్చి నవ్విందా, ఇంట్లో దీపం పెట్టినట్టుంటుంది."

"భయపడకు. శనివారం లోపల హంతకుణ్ణి నీ ముందు నిలబెడతాను!"

"ఇంకా ఎవరూ చావలేదు బాబాయ్."

"నేనొస్తున్నానుగా, తొందరెందుకు!"

మేం వెళ్లేసరికి ఆర్జియా మామ్మ వంటింట్లో సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. కళ్లకి శుక్లాలున్నాయి గాని నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"ఏరా ఒత్తోరీనో, నువ్వా వచ్చింది? మా అంజూరపు పళ్లు దొంగిలిస్తూ చెట్టుమీంచి పడ్డవాడివి, దొంగల్ని పడతావా?"

"దొంగ గుట్టు దొంగకే తెలియాలి పిన్నీ. ఏదీ, ఆ కాఫీ?"

ఆ ఇంటి మోకా సంగతి మీకు చెప్పాలి. పొయ్యి మీద పెట్టుకునే ఎనిమిది పలకల కాఫీ కూజా అది, మామ్మ పెళ్లినాటిది. రోజూ పైన గుడ్డతో తుడవడం, లోపల ఉత్త నీళ్లతో కడగడం, అంతే. అరవై ఏళ్ల కాఫీ పొరలు పొరలుగా పేరుకుని లోపలంతా తారు పూసినట్టుండేది. ఒకసారి పొడి అయిపోతే మామ్మ వట్టి నీళ్లే పోసి మరిగించిందట. చిక్కటి కాఫీ దిగింది. అది తాగిన ఫాదరుకి రెండు రాత్రులు నిద్రపట్టక, మూడు ఆదివారాల ప్రసంగం ఒకే బిగిన చెప్పేశాడు. ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్న కోడలు మార్త్సియా కూడా ఆ కూజాని దూరం నుంచి చూడ్డమేగాని వేలు పెట్టి ఎరగదు. ఆవిడా తుల్లియో బజార్లోనే కాఫీ తాగుతారు.

ఒత్తోరీనో ఒక గుక్క తాగాడు. కళ్లు గిర్రున తిరిగాయి.

"చేదు! మంట! దానిమీద నిమ్మకాయ వాసన! ఇది అమెజాన్ అడవుల్లో దొరికే భయంకరమైన విషం!"

"అయితే ఉమ్మెయ్యరా" అన్నాను.

"సాక్ష్యాన్ని ఉమ్మకూడదు" అని కప్పంతా తాగేసి, గట్టిగా ఎక్కిళ్లు పెట్టాడు.

తర్వాత కూజా మూత తీసి ముక్కు లోపల పెట్టాడు. "అద్దంలా ఉంది! నా ముక్కు నాకే కనిపిస్తోంది. ఇందులో అనుమానించాల్సిందేమీ లేదు." అని ఆ అద్దంలోనే మీసం దువ్వుకుని కూజా పక్కన పెట్టేశాడు.

"అద్దంలానా? ఆ మోకానా? ఒరేయ్, ఒక్కసారి ఇటివ్వు..."

"ష్! మేధావి ఆలోచిస్తున్నప్పుడు మంగలి కత్తి మూసెయ్యాలి" అంటూ నన్ను పెరట్లోకి లాక్కుపోయాడు.

అక్కడ పిల్లిని నిలదీశాడు. కాఫీ వాసన చూడగానే పారిపోయింది గనక దానికి అన్నీ తెలుసట. పిల్లి గీరింది. అక్కణ్ణుంచి కాఫీపొడి కొట్టుకెళ్లి, గింజల బస్తాలో అమెజాన్ పాముని వెతికాడు. కొట్టతను చీపురు తీసుకుని వీధి చివరి దాకా సాగనంపాడు.

మేం తిరిగొచ్చేసరికి వంటింట్లో ఫెమ్కే తొట్టి దగ్గర నిలబడి గిన్నెలు తోముతోంది. ద్వారబంధమంత పొడుగు పిల్ల, పాలమీగడ లాంటి మొహం. మమ్మల్ని చూసి భయంభయంగా నవ్వింది.

"పాపం, మేం అరిచినప్పుడల్లా లేచి ఏదో ఒకటి తోమేస్తోంది" అంది మార్త్సియా నాతో మెల్లిగా. "నిన్న తలుపు గడియ కూడా తోమింది మామయ్యా. ఏం చెప్పినా ఏడుపు మింగి నవ్వుతుంది. ఈ ఇంటి గొడవలో దాని తప్పేం ఉంది చెప్పు!"

శనివారం పొద్దున్నే ఒత్తోరీనో అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టాడు. గుమ్మం పక్కన ఫెమ్కే పెట్టె సిద్ధంగా ఉంది. మామ్మ అప్పుడే కాచిన కాఫీ కప్పులో పొగలు కక్కుతోంది.

"తలుపులన్నీ మూయండి!" గర్జించాడు మావాడు.

"కిటికీ మూస్తే ఊరుకోను, టమాటా పులుసు ఉడుకుతోంది" అంది మార్త్సియా.

"సరే, కిటికీ ఉండనీ. హంతకులు కిటికీలోంచి పారిపోవడానికి నడుం వంగాలి. సోదర సోదరీమణులారా! ఈ గదిలో ఒక విషనాగు ఉంది. ఈ పాత ఇంటి మీద కన్నేసి అత్తగారి కప్పులో మృత్యువుని కలుపుతున్న ఆ చెయ్యి..."

"ఈ ఇంటి మీదా?" మార్త్సియా గరిటె ఎత్తింది. "వాన పడితే లోపలే ముందు తడుస్తాం! ఈ కొంప కోసం హత్య చేస్తానా?"

"చూశావుట్రా తుల్లియో, ఒప్పుకుంది!" అంది మామ్మ.

"ఏం ఒప్పుకున్నానండీ అత్తయ్యా? చాలు! నేను మా అమ్మ దగ్గరికి పోతున్నాను." మార్త్సియా ఆప్రాన్ విప్పి బల్ల మీద కొట్టింది.

"పో! పోతూ పోతూ విషం సీసా కూడా పట్టుకుపో!"

ఫెమ్కే మొహం గోడకి వేసిన సున్నంలా అయింది. మెల్లిగా తన పెట్టె పిడి పట్టుకుంది.

"ఆ చెయ్యి ఎవరిదంటే..." అంటూ ఒత్తోరీనో చెయ్యి ఊపాడు. బస్సు స్టీరింగు తిప్పిన చెయ్యి గదా, పూర్తి మలుపు తిరిగింది. కప్పు ఎగిరి కాఫీ అంతా అతని తెల్ల చొక్కా మీదా, బల్ల మీదా ఒలికింది.

అందరూ ఆ చొక్కా వంకే చూస్తున్నారు. ఇంతలో తొట్టి దగ్గర్నుంచి ఒక శబ్దం.

కర్ర్... కర్ర్... కర్ర్...

మామ్మ తల తిప్పింది. "ఏమిటా చప్పుడు?"

గడప దాటబోయిన మార్త్సియా నోటి మీద చెయ్యి వేసుకుంది. "అత్తయ్యా... మీ మోకా... సబ్బుతో..."

ఫెమ్కే పెట్టె వదిలేసి, కప్పుతోపాటు కూజా కూడా తీసుకుపోయి, నిమ్మకాయ బొమ్మ ఉన్న సీసాలోంచి సబ్బునీళ్లు జుర్రున పిండి, ఇనప పీచుతో లోపల అరగదీస్తోంది. తుల్లియో గుండెల మీద శిలువ వేసుకున్నాడు. శవం పోతుంటే తీసినట్టు నేను టోపీ తీశాను.

మామ్మ తడుముకుంటూ వెళ్లి కూజాలో వేలు పెట్టింది. "నున్నగా ఉందే..." అంది. గొంతు సన్నబడింది. "అడుగున మా ఆయనకి కాచిన మొదటి కాఫీ ఉండేది."

ఫెమ్కేకి అన్ని మాటలూ అర్థం కాలేదు గాని ఆ గొంతు అర్థమైంది. కన్నీళ్లు బొటబొటా రాలాయి.

"మా ఇంట్లో... లోపల నలుపు... సిగ్గు. తోమాను. మామ్మకి కోపం. అందుకని ఇంకా తోమాను. రోజూ. ఎక్కువ ఎక్కువ." వెక్కింది. "నన్ను ఉంచుకుంటారని."

మామ్మ కాసేపు ఆ వేలు అలాగే కూజాలో ఉంచుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది!

"ఇరవై ఏళ్ల కోడలు ముట్టుకోడానికి జంకింది, వచ్చి వారం తిరగని పిల్ల అరవై ఏళ్లు గీకి పారేసింది! మార్త్సియా, ఎక్కడికే బయల్దేరావు? ఆప్రాన్ కట్టుకో. ఇవాళ్టినుంచి నువ్వూ దీంట్లోనే కాచుకోవాలి. నా ఒక్క చేతి మీద నల్లబడాలంటే అప్పటికి నేనుండొద్దూ?"

మార్త్సియా ఆప్రాన్ కట్టుకుంది. ముడి వెయ్యడానికి రెండుసార్లు తడబడింది.

తలుపు గంట మోగింది. సంస్థావిడ లోపలికొచ్చి గుమ్మం పక్కనున్న పెట్టె చూసి, "ఏమ్మా, పిల్లని తీసుకుపోవాలా?" అంది.

"ఎలా తీసుకుపోతావో చూస్తాను!" అంది మామ్మ, ఫెమ్కే చెయ్యి పట్టుకుని. "ఈ కూజా నల్లబడేదాకా ఇది ఇల్లు కదలడానికి వీల్లేదు."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"అరవై ఏళ్లు."

అప్పుడు తడిసిన చొక్కాతో ఒత్తోరీనో ముందుకొచ్చాడు. "అమ్మా, నేరస్థురాలు తనంతట తనే బయటపడాలని ఆ కప్పు నేను కావాలనే..."

ఆ రోజు తాగిన కప్పు తాలూకు ఎక్కిలి మళ్లీ వచ్చింది. తెరిచిన నోట్లోంచి ద్రాక్షపండంత సబ్బు బుడగ ఊగుతూ బయటికొచ్చింది. రంగులు మార్చుకుంటూ గదంతా తిరిగి, సంస్థావిడ కళ్లద్దాల మీద వాలి, ఠప్పున పగిలింది.

ఫెమ్కే అలవాటుగా సబ్బు సీసా అందుకుంది.

"వద్దు!" అని అరిచాం అందరం, గోడ మీది పిల్లితో సహా.