గేర్ ఆదీ

శుక్రవారం పొద్దున అరబ్బు దేశంలోని జుబైల్‌లో గాలి చల్లగా ఉంది. మహబూబ్ బాషా టీ గ్లాసు చేతిలో పట్టుకుని, కాంపౌండులో నిలబెట్టిన నీలం రంగు కారు వంక చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయాడు. మనిషి అక్కడే ఉన్నాడు, పోయింది మనసే. సముద్రం ఒడ్డు రోడ్డు, పైకప్పు లేని కారు, పక్కసీట్లో భార్య మెహరున్నిసా, గాలికి ఎగిరే ఆమె చున్నీ, కుడిచేత్తో హాయిగా గేరు మారుస్తున్న తను. ఈ కల ఆయనకు రోజూ వస్తుంది, అదీ మెలకువగా ఉన్నప్పుడే.

ఆ కారు ఆయన కొన్నది కాదు, కట్టుకున్నది. పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన చట్రానికి ఫైబర్ బాడీ తొడిగి, ఓ పాత బండి ఇంజను కూర్చోబెట్టి, ఫ్యాక్టరీలో పంపులు బాగుచేసే డ్యూటీ దిగాక ఒక్కో బోల్టూ బిగించుకుంటూ వచ్చాడు. ఇక మిగిలింది గేర్‌బాక్స్. ప్రొద్దుటూరు నుంచి విజిట్ వీసా మీద వచ్చిన మెహరున్నిసా ఆదివారం విమానానికి తిరిగి వెళ్ళిపోతోంది. ఈ కారులో సముద్రం చూపించి పంపుతానని ఆమె దిగిన రోజే మాటిచ్చాడు. ఆ మాట ఇంకా కాంపౌండు గేటు దాటలేదు.

"ఆటోమేటిక్ పెట్టుకోరాదా? ఈ దేశంలో అందరూ అదే నడుపుతాండారు గదా," అంది మెహరున్నిసా.

"సొంతంగా కట్టుకున్న కారుకు ఆటోమేటిక్ ఏంది మెహరూ? గేరు మన చేత్తో వేస్తేనే బండి మనదనిపిస్తాది."

"నీ చెయ్యి దాన్ని పట్టుకోనుంటే నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

ఇలాంటి ప్రశ్న ఎదురైనప్పుడు మగవాళ్ళు చేసే పనే బాషా చేశాడు. ఫోను తీసి అవతలికి నడిచాడు.

దమ్మాం తుక్కుబండ్ల బజారు దగ్గర ఉండే లింబాద్రికి ఫోను కలిసింది. లింబాద్రిది నిజామాబాదు వైపు ఊరు. కంపెనీ పికప్పు నడుపుతాడు, మంచివాడు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. చిక్కంతా ఆ చెప్పడంలోనే వచ్చింది. చేత్తో మార్చే గేరును ఇక్కడి బజారులో 'గేర్ ఆదీ' అంటారని బాషా నిన్ననే ఓ మెకానిక్కు దగ్గర విన్నాడు. కొత్తగా నేర్చుకున్న మాట నోట్లో ఊరికే ఉండదు.

"లింబాద్రీ, ఇంజను మోడలు పంపినా సూడు. దానికి గేరు... ఆదీ. బిరీన తీసుకురా."

లింబాద్రి క్యాంపులో ఏళ్ళుగా వింటున్న 'ఆదీ' వేరు. పని ఆలస్యమైతే ఆదీ, కూరలో ఉప్పు తగ్గితే ఆదీ. ఏదైనా ఫర్వాలేదు, నడిచిపోతుంది అని దాని అర్థం. అన్న ఎంత మంచోడు, ఏ గేరైనా ఫర్వాలేదంటున్నాడు అనుకుని, చూడగానే నచ్చిన గేర్‌బాక్స్‌ను పికప్పులో వేసుకుని వచ్చేశాడు. కిందికి దింపాక చూస్తే అది ఆటోమేటిక్.

"ఇదేంది లింబాద్రీ? ఆదీ తెమ్మంటి గదా."

"నువ్వే ఏదైనా పర్వాలేదంటివి గదనే."

"ఆదీ అంటే ఏదైనా అని కాదు. ఆదీ అంటే ఆదీనే."

"గట్ల చెప్తే ఎట్ల సమజైతది అన్నా?"

మెహరున్నిసా మాత్రం ఆటోమేటిక్ వంక ప్రేమగా చూసింది. "దేవుడు పంపినాడు, ఉండనీ," అంది. బాషా ఉండనివ్వలేదు. అక్కడే ఉండనిచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఇంకోసారి అంత దూరం పోయి మాట పడడం ఇష్టంలేక, లింబాద్రి బజారులో తనకు తెలిసిన పఠానుకు ఫోను చేశాడు. అతనికి చెడిపోయిన బండ్లను వీపున ఎక్కించుకుపోయే బల్లపరుపు లారీ ఉంది. లింబాద్రి ఇంజను మోడలు చెప్పి, ఈసారి పొరపాటు రాకూడదని ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు. "గేర్ ఆదీ చాహియే భాయ్, ఆదీ." ఒత్తి పలకడమే కొంప ముంచింది. పఠాను చెవికి అది 'ఆధీ' అయింది. హిందీలో ఆధీ అంటే సగం.

మధ్యాహ్నానికి సందు మొత్తం మూసుకుపోయేలా లారీ వచ్చి ఆగింది. నిలువునా విడగొట్టిన గేర్‌బాక్స్‌లో ఒక పక్క చిప్పను పఠాను రెండు చేతులా మోసుకొచ్చి ఆటోమేటిక్ పక్కన పెట్టాడు. దాన్నిండా ఉన్న నల్లటి నూనె తెల్లటి టైల్స్ మీద తీరుబడిగా పారింది.

"ఆధీ బోలా, ఆధీ లాయా," అన్నాడు పఠాను, సగమంటే సగమే తెచ్చానని. సగం గేరుతో వీళ్ళేం చేసుకుంటారోనని అతనికి దారి పొడుగునా దిగులుగానే ఉందట.

బాషా ఆ చిప్ప ముందు గొంతుక్కూచున్నాడు. సరిగ్గా అప్పుడే ఇంటి ఓనరు అబూ నాసిర్ గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. జుమా నమాజు అయి, భోంచేసి, కాస్త నడుం వాల్చబోతుంటే సందు మూసుకుపోయిందని పొరుగువాళ్ళు ఫోను చేశారు. ఆయన పికప్పును చూశాడు, లారీని చూశాడు, చివరికి తన టైల్స్ చూశాడు.

"ఏష్ హాదా?" అన్నాడు. ఇదంతా ఏమిటని.

బాషాకు వచ్చిన అరబ్బీ అంతా ఆ క్షణాన ఎగిరిపోయింది. తను అడిగింది ఏమిటో ఒక్కటి చెబితే చాలు, మిగతాది ఆయనకే అర్థమవుతుందనుకున్నాడు. "ఆదీ, బాబా, ఆదీ," అన్నాడు.

వాకిలంతా నూనె చేసి ఫర్వాలేదంటున్న కిరాయిదారును అబూ నాసిర్ జీవితంలో చూడలేదు. ముఖం కందగడ్డయింది. సాయంత్రపు అసర్ నమాజు లోపల ఈ సామానంతా, ఆ కారుతో సహా, తన కాంపౌండులోంచి పోవాలని చేయి ఊపి చెప్పి వెళ్ళాడు. చేయి ఊపుడుకు అనువాదం అక్కర్లేదు.

కారును లింబాద్రి కంపెనీ యార్డుకు తరలించడం తప్ప దారి లేకపోయింది. పఠాను లారీ బల్ల వాల్చి కొక్కెం తగిలించాడు. ఆదివారం వస్తోంది, కారు పోతోంది, మాట తప్పిపోయింది. అంతలో మెహరున్నిసా చున్నీ సర్దుకుని వచ్చి, కారు తలుపు తీసి, పక్కసీట్లో కూర్చుంది.

"దిగు మెహరూ, బండిని పైకి ఎక్కిస్తాండారు."

"ఎక్కించనీ. యార్డుకు సముద్రం రోడ్డు మీంచే గదా పోవల్ల? ఈ కార్లోనే చూపిస్తానంటివి. నేను దిగేదే లేదు."

పఠాను తల గోక్కున్నాడు. లింబాద్రి "ఎక్కు అన్నా," అని మెల్లగా చెప్పాడు. బాషా ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

లారీ కదిలింది. ఊళ్ళో మామూలు కార్లలో పోయేవాళ్ళకు గోడలు కనిపిస్తాయి. వీళ్ళకు గోడల మీదుగా ఖర్జూరపు చెట్ల తలలు, డాబాల మీద ఆరేసిన బట్టలు, దూరాన ఫ్యాక్టరీ గొట్టాల మీద వెలిగే మంటలు కనిపించాయి. మలుపు తిరగగానే సముద్రం మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంది. కింద పఠాను గేరు మార్చినప్పుడల్లా పైన బాషా కూడా, అడుగున ఏమీ లేని గేరు కర్రను బుద్ధిగా ముందుకీ వెనక్కీ జరిపాడు. మెహరున్నిసా చున్నీ నిజంగానే ఎగిరింది. కలలో ఎప్పుడూ ఇంత ఎత్తున ఎగరలేదు. బాషాకు పట్టరాని సంతోషం వేసింది, దాంతోపాటే దుఃఖమూ వచ్చింది.

"బాగుందా?" అన్నాడు.

"ఊరికి పోయినాక ఎవరికి చెప్పినా నమ్మరు," అంది మెహరున్నిసా. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

అప్పుడే వెనక హారను మోగింది. తెల్ల జీపులో అబూ నాసిర్. సామాను నిజంగా పోతోందో లేదో చూద్దామని వచ్చినట్టున్నాడు. జీపు లారీ పక్కకు వచ్చింది, అద్దం దిగింది. ఆయన తలెత్తి పైకి చూశాడు. బాషా స్టీరింగు గట్టిగా పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. అబూ నాసిర్ మీసాలు అదిరాయి, తర్వాత భుజాలు, తర్వాత మనిషంతా. నవ్వు ఆపుకోలేక, ఒక చేత్తో బండి నడుపుతూనే, రెండో చేత్తో భుజం నుంచి నడుం దాకా అడ్డంగా గీసి చూపించాడు.

ఇద్దరూ గబగబా సీటు బెల్టులు పెట్టుకున్నారు. ఆ కారు తన మొదటి ప్రయాణంలో పాటించిన రోడ్డు నియమం అదొక్కటే.