కట్ట పద్ధతి సాగు

ఆ శనివారం పొద్దున రోజారాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి కరీంనగర్ నుంచి సరళాదేవి మేడం వస్తుంది. ముందు ఆమెకు తోట చూపించాలి. ఆ తోటలోనే నాలుగు రకాల ఆకుకూరలు తెంపి, ఆమె కళ్లెదుటే పప్పులో వేసి వండించాలి. ఆమె తింటూ ఉండగా పిల్లలు లేచి నాయకత్వం గురించి తలా రెండు మాటలు మాట్లాడాలి. మధ్యాహ్నానికల్లా ఆమె కారెక్కి వెళ్లిపోవాలి. అంతే.

నస్పూర్‌లో చర్చి వెనకున్న కమ్యూనిటీ హాల్లో రోజారాణి మూడు తరగతులు నడుపుతోంది: పెరటి తోట, కుటుంబ పోషకాహారం, యువ నాయకత్వం. వీటిని పెట్టించింది కరీంనగర్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ. సరళాదేవి అందులో పెద్ద అధికారి. ఇలాంటిదే ఇంకో కేంద్రం ఆదిలాబాద్‌లో ఉంది, దాన్ని మమతారాణి అనే ఆమె చూసుకుంటుంది. వచ్చే ఏడాది నుంచి రెండింట్లో ఒక్కటే ఉంటుందని సంస్థ తేల్చేసింది. ఆ ఒక్కటి ఏదో చెప్పాల్సింది సరళాదేవి.

రోజారాణికి ఇది మామూలు సంగతి కాదు. ఈ గని కార్మికుల కాలనీకి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె 'బొగ్గుబాయి ఫిలిప్ భార్య'. తరగతులు మొదలయ్యాకే 'రోజారాణి మేడం' అయింది. ఇస్త్రీ బండి ఆయన కూడా మేడం అంటున్నాడు. కేంద్రం పోతే ఆ పిలుపూ పోతుంది.

మంచిర్యాల వెళ్లి ఫ్లెక్సీ తేవాలని చెప్పులు వేసుకుంటూ ఆమె విద్యాధర్‌ను పిలిచింది. డిగ్రీ చదువుతున్న ఈ కుర్రాడు నాయకత్వం తరగతిలో అందరికంటే ముందు చెయ్యెత్తుతాడు. ప్రశ్న అడగకముందే ఎత్తుతాడు.

"విద్యాధర్, నేను గిట్ల పోయి గట్ల వస్త. మేడం వచ్చే వరకు తోటల గడ్డి పోస కనబడొద్దు. జర సాపు చేయించు."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. అద్దం లెక్క చేస్తం."

అద్దంలాగే చేశారు.

ఫ్లెక్సీ చుట్టను చంకలో పెట్టుకుని ఆటో దిగిన రోజారాణి, ముందు తను వేరే ఎవరి పెరట్లోకో వచ్చాననుకుంది. చిక్కుడు పందిరి ఉంది. గట్టు మీద బంతిచెట్లు ఉన్నాయి. మధ్యలో మాత్రం నేల పెళ్లివారి వాకిలిలా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. ఒక మూల ముగ్గు కూడా వేశారు.

"గంగవాయిలి కూర ఏది?" అంది ఆమె.

"గదేంది మేడం?"

"గీడ నేల మీద పాకుకుంట ఉండె కదా, ఎర్ర కాడలది!"

"గది గడ్డి కాదా?"

"పొనగంటి కూర? చుక్కకూర? పుంటికూర?"

ఒక్కో పేరుకీ విద్యాధర్ మొహం కొంచెం కొంచెంగా వాడిపోయింది. "పువ్వు లేదు, కాయ లేదు మేడం. అంత గడ్డే అనుకున్నం. నాయకుడు ఎవరో చెప్పేదాక ఆగొద్దని మీరే అంటిరి కదా. ఆగలే."

"పీకిందంత ఏడ పెట్టిండ్రు?"

"చెత్త ట్రాక్టర్ల ఏసినం. పోయింది." కొంత మర్యాద దక్కించుకుందామని, "తడి చెత్త దాంట్లనే ఏసినం మేడం," అన్నాడు.

హాలు అరుగు మీద ఆమె అత్త సాయవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రోజారాణి కోపం అటు తిరిగింది. "అత్తమ్మా, నువ్వు గీడనే ఉంటివి. వద్దని చెప్పకపోతివా?"

"నన్ను ఎవలడిగిండ్రు బిడ్డా? అందరు నాయకులేనాయె. పీకుమంటనే పీకుతుండ్రనుకున్న."

విద్యాధర్ అప్పటికే తేరుకున్నాడు. అతనిలో ఉన్న మంచి గుణమూ చెడ్డ గుణమూ అదే. "మేడం, మార్కెట్‌ల పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేర్లతోటే అమ్ముతరు. బండి మీద పోయి తెస్త. తెచ్చి పాతితె ఎవలకు ఎరుక?"

వద్దనాలని రోజారాణి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. "పెద్దపల్లి దాటినం రోజారాణీ. మీ తోట చూడాలని మస్తు సంబరంగ ఉన్నది," అంది సరళాదేవి. ఫోను పెట్టేసరికి 'వద్దు' అనే మాట కాస్తా "జల్ది పో" అయి బయటికొచ్చింది.

విద్యాధర్ రెండు సంచుల నిండా తెచ్చాడు. కట్టలు విప్పి, ఒక్కో మొక్కా విడదీసి నాటే తీరిక ఎవరికీ లేదు. దారాలతో సహా కట్టకు కట్టగా గుచ్చేశారు. పోషకాహారం తరగతికి వచ్చిన ఆడవాళ్లు కూడా కొంగులు దోపుకుని గుచ్చారు. చూస్తుండగానే తోట పచ్చబడింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. రోజారాణికి కాస్త ఊపిరి వచ్చింది. అంతలో ఆమె చూపు పందిరి మీద పడింది. చిక్కుడు తీగల నుంచి బారెడేసి పొట్లకాయలు వేలాడుతున్నాయి.

"విద్యాధర్!"

"పందిరి బోసిగ ఉన్నది మేడం. నాలుగు కడ్తె నిండుగ ఉంటదని..."

"చిక్కుడు తీగకు పొట్లకాయలారా?"

"పందిరి పందిరే కదా మేడం."

వాటిని విప్పేలోపే గేటు ముందు కారు ఆగింది.

సరళాదేవిది కరీంనగర్ దగ్గరి ఊళ్లో బాగా భూములున్న కుటుంబం. అయితే ఆమె ఆ భూములను ఎక్కువగా కారు అద్దంలోంచే చూసింది. మనిషి మంచిది. ఎదుటివాళ్లు చెప్పింది శ్రద్ధగా వింటుంది, విన్నదల్లా నమ్ముతుంది, నమ్మినదల్లా ఫోన్‌లో వీడియో తీసి సంస్థ వాట్సాప్ గ్రూపులో పెడుతుంది.

ఎండ ముదిరింది. తోటలోకి నాలుగడుగులు వేసేసరికి పాలకూర మెడలు వేలాడేసింది.

"ఏమయింది, ఇవన్ని తలలు వంచినయి?" అంది సరళాదేవి.

"పెద్దోళ్లు వస్తె మా దగ్గర అట్లనే ఉంటరు మేడం," అన్నాడు విద్యాధర్.

ఆమె నవ్వింది. పందిరి దగ్గర మాత్రం నవ్వు ఆపి, కళ్లజోడు సవరించుకుంది. "ఇది చిక్కుడు తీగ కదా?"

"అంటు కట్టినం మేడం," అంది రోజారాణి. అన్నాక తనే ఉలిక్కిపడింది. ఇన్నేళ్లలో ఫిలిప్‌తో కూడా ఇంత సాఫీగా అబద్ధం ఆడలేదు. అరుగు మీద సాయవ్వకు దగ్గు వచ్చింది.

సరళాదేవి వంగి, ఒక పాలకూర ఆకు తెంపబోయింది. ఆకుతో పాటు కట్ట మొత్తం చేతిలోకి వచ్చింది. కాడల మొదళ్ల దగ్గర అరటినార దారం, దానికి రెండు చుట్లు, ఒక ముడి.

"గిదేంది రోజారాణీ? దారం?"

ఆడవాళ్లు రోజారాణి వంక చూశారు. రోజారాణి దారం వంక చూసింది. ఆ క్షణంలో ఆమెకు ఇస్త్రీ బండి ఆయన గుర్తొచ్చాడు.

"కట్ట పద్ధతి మేడం," అంది.

"అంటే?"

"ఒక్కొక్క మొక్క పెరిగినంక కోసి, ఏరి, కట్ట కట్టాలంటె ఆడోళ్లకు మస్తు పని మేడం. మేమైతె మొక్క చిన్నగున్నప్పుడే కట్ట కడ్తం. కట్టగనే పెరుగుతది. పీకితె సీదా పొయ్యి మీదికే."

సరళాదేవి కళ్లు పెద్దవయ్యాయి. "ఎంత మంచి ఆలోచన! ఇన్ని రోజులాయె, నాకు ఒక్క మాట చెప్పలేదేంది?" అని, కట్టను పాపాయిలా పట్టుకుని, వెలుతురు బాగుందని గోడ వైపు వెళ్లి, ఫోను ఎదురుగా పెట్టుకుని ఏదో మాట్లాడటం మొదలుపెట్టింది. తిరిగొచ్చేటప్పటికి ఆమె మొహం వెలిగిపోతోంది. "ఇంక నస్పూర్ కేంద్రానికి ఢోకా లేదు. వచ్చే వారం నువ్వే ఆదిలాబాద్ పోయి మమతారాణికి ఈ పద్ధతి నేర్పాలె."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రోజారాణి కూడా కొట్టింది, ఏం చేయాలో తోచక.

కారు డ్రైవరు గేటు మూయలేదు. ఆ సంగతి మనుషుల కంటే ముందు కాపరి నాగయ్య మేకలు కనిపెట్టాయి. ఆ వీధి వెంట మేతకు పోతున్న మంద మొత్తం లోపలికి తిరిగింది. మామూలుగా మేక మొక్కను పట్టి గుంజుతుంది, తెంపుతుంది, నములుతుంది. ఇక్కడ గుంజే పనే లేకపోయింది. మూతి పెడితే చాలు, కట్టకు కట్ట లేచి వస్తోంది. ఒక మేకపోతు మెంతికూర కట్టను నోట పట్టుకుని, సన్మానానికి పూలగుత్తి తెచ్చినవాడిలా నేరుగా సరళాదేవి దగ్గరికి వచ్చి నిలబడింది.

కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చిన నాగయ్య, మేకల్ని అదిలించడం మరిచిపోయి నేలను చూస్తూ ఉండిపోయాడు. "గిదేం తోటనే రోజమ్మా? ఒక్కదానికి గూడ వేరు పట్టలే. మార్కెట్ కట్టలు తెచ్చి గుచ్చినట్టున్నరు?"

విద్యాధర్ ముందుకొచ్చాడు. "మేడం, తప్పు నాది. ఉన్న తోట నేనే పీకించిన. కట్టలు గూడ నేనే తెచ్చిన. రోజారాణి మేడంను ఏమనకుండ్రి."

అంతసేపూ కేంద్రం గురించే గుబులు పడిన రోజారాణికి, ఆ పిల్లవాడు తన కోసం తల దించుకుని నిలబడటం చూసేసరికి ఆ గుబులు ఎటుపోయిందో పోయింది. అతన్ని భుజం పట్టి పక్కకు జరిపింది.

"ఈ పిలగాడు గడ్డి అనుకొని పీకిండు మేడం. నేను అబద్ధమని తెలిసి ఆడిన. కట్ట పద్ధతి లేదు, అంటు లేదు. పొట్లకాయలు గూడ దారంతోటే కట్టినయి. మీరు ఆదిలాబాద్ కేంద్రమే ఉంచుకోండ్రి."

సరళాదేవి కోప్పడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె కోప్పడలేదు. దగ్గర్లో ఉన్న కుర్చీలో మెల్లగా కూలబడింది. ఆమె చేతిలో ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. తర్వాత ఆగకుండా మోగుతూనే ఉంది.

"వీడియో గ్రూపుల పెట్టేసిన," అంది నీరసంగా.

"పెడితె ఏమాయె మేడం? తీసేయుండ్రి."

"అందరు చూసిండ్రు. జర నువ్వూ చూడు."

రోజారాణి చూసింది. తెరమీద సరళాదేవి పాలకూర కట్టను గుండెలకు హత్తుకుని చెబుతోంది: "ఇది కట్ట పద్ధతి సాగు. నేను స్వయంగ ఆలోచించి, దగ్గరుండి ఈ మహిళలకు నేర్పిన పద్ధతి..." కింద అభినందనలు బారులు తీరి ఉన్నాయి. సంస్థ అధ్యక్షుడైతే వచ్చే నెల హైదరాబాద్‌లో జరిగే పెద్ద సభలో ఆమెనే ఈ పద్ధతి గురించి మాట్లాడమన్నాడు.

సరళాదేవి రోజారాణి చెయ్యి పట్టుకుని పందిరి వెనక్కి తీసుకుపోయింది. "రోజారాణీ, నువ్వు ఇందాక చెప్పింది నేను వినలేదు అనుకుందాం. సరేనా? కేంద్రం మీకే ఉంటది. కట్టలు మళ్ల తెప్పిద్దాం."

పొద్దుటి నుంచి తను మోసిన భయమంతా ఇప్పుడు ఇంకో మనిషి మొహం మీద కనబడేసరికి రోజారాణికి నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. "నేను ఒక్క పూట అబద్ధం ఆడినందుకే గింత పరేషాన్ అయిన మేడం. మీరు హైదరాబాద్ దాక మొయ్యాలె. మీతోటి కాదు. ఇద్దరం నిలవడి ఇంకో వీడియో తీద్దాం. ఉన్నది ఉన్నట్టు చెప్దాం."

సరళాదేవి చాలాసేపు పొట్లకాయల వంక చూసింది. తర్వాత ముక్కు తుడుచుకుని ఫోను విద్యాధర్‌కు ఇచ్చింది. ముందు రోజారాణి చెప్పింది. తర్వాత సరళాదేవి, గొంతు కొంచెం తగ్గించినా, ఒక్క మాట మింగకుండా చెప్పింది. నాగయ్య మేకలు మాత్రం ఎంత అదిలించినా వెళ్లలేదు. వాటి అరుపుల్లో ఇద్దరి మాటలూ సగం సగమే వినబడ్డాయి. తెరమీద మేకలు మాత్రం చక్కగా పడ్డాయి. దాన్ని అలాగే గ్రూపులో పెట్టేశారు.

తోటలో మేకలకు అందనివి పొట్లకాయలొక్కటే. వాటినే కోసి, శనగపప్పు వేసి వండారు. సాయవ్వ వడ్డిస్తూ, "తిను బిడ్డా, ఏ తీగకు కాసినా పొట్లకాయ పొట్లకాయే," అంది. సరళాదేవి అన్నం రెండోసారి పెట్టించుకుంది. తిన్నాక పిల్లలు నాయకత్వం గురించి మాట్లాడాల్సింది. కానీ ఆ పూటకు చాలనిపించి ఎవరూ లేవలేదు.

సోమవారం సరళాదేవి ఫోను చేసింది. హైదరాబాద్ సభ పోయిందట, ఉద్యోగం ఉందట. రెండు కేంద్రాలూ నడవాల్సిందేనని అధ్యక్షుడి దగ్గర పట్టుబట్టి ఒప్పించిందట. తనకంటే చిన్న అబద్ధమాడిన కేంద్రాన్ని మూసెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. రోజారాణి ఆ మాట చెప్పగానే విద్యాధర్ గెంతులేశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే పుంటికూర విత్తనాలు పట్టుకొచ్చాడు. ఈసారి చల్లబోయే ముందు మాత్రం ఆగి, చల్లమంటారా అని అడిగాడు.

అవి చల్లుతుండగా ఆదిలాబాద్ నుంచి మమతారాణి ఫోను చేసింది.

"మేడం, మీ వీడియోలు రెండూ చూసినం. మొదటి దాంట్ల చెప్పినట్టు కట్టలన్ని నాటినం. రెండో దాంట్ల మేకలు వదలమన్నరు కదా, మా దగ్గర మేకలు లేవు, గొర్రెలు నడుస్తయా?"