మేడమీది నీలిడ్రమ్ము పతనము

ఉదయభానుండు మేడల చాటు దాటకమున్నే, చీపురుల సవ్వడి దిక్కుల నిండుచుండగా, వీధికుళాయి కడపటి బొట్టు రాల్చి మౌనము దాల్చిన ఆ శుభముహూర్తమున, ఆరోగ్యకేంద్రపు హాలులో, కిర్రుమని మూల్గు ఫ్యాను క్రింద, బల్లపై ఒక గాజుసీసాను ఉంచి, తెల్లకోటు సవరించుకొని ఒక వీరనారి నిలిచియుండెను. ఆమెయే జ్వరారాతిభంజని, మశకకులాంతకి, సూదియందు నిర్దయయు మాటయందు దయయు గల నర్సమ్మ.

ఆమె పూనిన కార్యము చూచుటకు చిన్నది. ఎదుటి మేడమీద ఒక నీలిడ్రమ్ము కలదు. అందు నీరు నిలిచి చాలకాలమయ్యెను. ఆ మేడ క్రింది వాటాలో ఒక చిన్నపిల్ల జ్వరముతో మంచము పట్టెను. ఇంకొక పిల్ల జ్వరపడకమున్నే ఆ డ్రమ్మును బోర్లింపవలెను. అయితే దానికి అధినాయిక ఓటమి యెరుగని మేడమామ్మ. ఇంటింటికి తిరుగు నర్సమ్మను ఆమె ఎన్నిమార్లో మెట్లమీదనే నిలిపి, "నీళ్ళేం పాపం చేశాయమ్మా?" అని త్రిప్పి పంపెను.

నేడా మామ్మయే ఫ్యానుగాలి కాశపడి సభకు విచ్చేసి, ముందువరుస ప్లాస్టిక్ కుర్చీని సింహాసనమువలె నధిష్ఠించి, చేతిసంచి ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. నర్సమ్మ గుండె ఉప్పొంగెను. ఆమె పలికినది మామూలు మాటలలోనే గాని, గాథకు తగునట్లు చెప్పవలెనన్న అది ఇట్లుండెను:

"ఓ గృహస్థసమూహములారా! శత్రువు పరదేశమునుండి దండెత్తి రాడు. మీ పూలకుండీల పళ్ళెములలో, మీ డ్రమ్ములలో, మీరు పోసిన నీటిలో, మీ ఇంటి నీడనే పెరుగును! వారమున కొకమారు నిలువనీటిని పారబోసి, తోమి, ఆరబెట్టి, మూత పెట్టినవారి ఇంట ఆ దుష్టసంతతి నిలువజాలదు! ఇదిగో, ఈ సీసాలో ఈదులాడు దోమపిల్లలను కన్నులార గాంచుడు!"

అని సీసా మూత తెరచెను. తెరచుటకు ముందు లోపలికి చూడకపోయెను.

ఆ దోమపిల్లలను ఆమె కాలువలో గాలించి, ఈ సభకొరకే తెచ్చెను. అయితే అధ్యక్షత వహింపవలసిన పెద్దాఫీసరుగారికి తీరిక లేక సభ వాయిదాపై వాయిదా పడెను. మంచి నమూనా మరల దొరకునో దొరకదో యని నర్సమ్మ సీసాను బీరువాపై భద్రపరచి, గాలి యాడుటకు మూతకు సన్నని చిల్లులు గూడ పొడిచి, పనుల సందడిలో ఆ సంగతే మరచెను. ఆ మాతృవాత్సల్యమునకు అవి ఎదుగక ఏమి చేయును? మూత తెరచినంతనే, ఝంకారభీకరమగు నవసైన్యము గగనమున కెగసి సభపై విరుచుకుపడగా, సభాసదులు తమ చెంపలను తామే వాయించుకొనిరి.

ఆ చప్పట్లు సద్దుమణగిన పిమ్మట మామ్మ గొంతు వినబడెను.

"వారానికోసారి పారబోయమన్నావు కదమ్మాయ్. మరి నీ సీసా ఎప్పుడు పారబోశావు?"

హాలంతయు ఘొల్లున నవ్వెను. నర్సమ్మకు తల కొట్టేసినట్లయ్యెను, కన్నులలో నీళ్ళు తిరిగెను. నెపము ఆఫీసరుగారిపై నెట్టుదునా యని ఒక్క క్షణము తలపోసి, మానుకొనెను.

"మర్చిపోయాను మామ్మగారూ. తప్పు నాదే. కానీ చూశారుగా, గ్లాసెడు నీళ్ళలో ఇన్ని. మరి మీ డ్రమ్ములో?"

మామ్మ నవ్వు ఆగెను. "కింది పిల్లకి జ్వరం నా డ్రమ్ము వల్లేనంటావా?"

"ఎక్కడి దోమ కుట్టిందో ఎవరు చెప్పగలరండీ. ఇంకొకరిని కుట్టకుండా మాత్రం చూసుకోవచ్చు."

"పారబొయ్యమని చెప్పడం తేలికే. కుళాయేమో కింద, డ్రమ్మేమో పైన. ఒక్కో బిందే మోకాళ్ళు పట్టుకుని మోశాను. ఆ నీళ్ళు వదులుకోవాలంటే ప్రాణం ఒప్పుతుందా?"

ఇన్నినాళ్ళుగా మెట్లమీద నిలిచి వాదించిన నర్సమ్మ ఆ మెట్లెవరు ఎక్కుచున్నారో ఏనాడును అడిగియుండలేదు. అందుకు ఆమె నిజముగా సిగ్గుపడెను.

"మళ్ళీ నింపే పూచీ నాది మామ్మగారూ," అనెను.

అంతట మేడపై మహాసంగ్రామము జరిగెను. స్థూలకాయుడు, నీలవర్ణుడు, జలగర్వోన్మత్తుడు నగు డ్రమ్ము కదలననెను. నర్సమ్మ భుజము మోపెను, మామ్మ చేయి మోపెను, డ్రమ్ము ఒకమారు ఊగి, రెండవమారు మూలిగి, ఒరిగి భళ్ళున కూలెను. మశకసంతతి ఎండనేలపై సమసిపోయెను. క్రింది కిటికీనుండి నీరసపు గొంతొకటి వినవచ్చెను.

"మామ్మా, నీళ్ళన్నీ ఎందుకు పారబోశావ్?"

"నీకోసమేనే తల్లీ. నువ్వు లేచి కూర్చోకు, పడుకో," అని మామ్మ పిట్టగోడపై వంగి చెప్పెను.

సాయంకాలము కుళాయి వచ్చెను. తెల్లకోటు విప్పి, కొంగు నడుమున దోపి, నర్సమ్మ బిందె వెంబడి బిందె మోసి మోసి, కడపటి బిందె కుమ్మరించి మెట్లమీద కూలబడి రొప్పుచుండగా, మామ్మ స్వహస్తములతో మూత బిగించెను. పిమ్మట మోకాళ్ళు పట్టుకొని దిగి, పక్కింటి గేటు కడ నిలిచి, "ఏమ్మా, ఆ కుండీల కింద నీళ్ళు ఎన్నాళ్ళ నుంచీ ఉన్నాయి?" అని గర్జించెను.

వినుడు, వినుడు! దుందుభులు మ్రోగకున్నను, పుష్పవృష్టి కురియకున్నను, సమస్త భూమండలమందలి డ్రమ్ములలో నేడు ఒక డ్రమ్మునకు మూత పడెను.