ఆ పరిస్థితి నివారణ కమిటీ

మంత్రిగారు మైకు ముందు నిలబడి, తొంభై రోజుల్లో ఈ పట్టణంలో ఇరవై ఏళ్ళు నిండని ఏ ఆడపిల్లా తల్లి కాకుండా చేస్తానని ప్రకటించారు. చేసి చూపించలేకపోతే తన పేరు మార్చుకుంటానన్నారు. ఆయన పేరు అప్పటికే రెండుసార్లు మారి ఉంది కాబట్టి జనం ఆ మాటను పూర్తిగా నమ్మారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

చప్పట్లు కొట్టనిది ఒక్క నర్సక్కే. అగౌరవం కాదు, ఆమె వేళ్ళు లెక్కపెట్టడంలో ఉన్నాయి. తొంభై రోజులంటే మూడు నెలలు. పందొమ్మిదేళ్ళుగా ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న మనిషి కాబట్టి, కొన్ని పనులకు తొమ్మిది నెలలు పడుతుందని ఆమెకు వృత్తిరీత్యా తెలుసు.

ఉండబట్టలేక పక్క కుర్చీలో ఉన్న పెద్దాఫీసరు గారిని మెల్లగా అడిగింది.

"సార్, ఇప్పటికే కడుపుతో ఉన్న పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళ సంగతేంటి?"

పెద్దాఫీసరు గారు క్షణం కూడా తడుముకోలేదు. "అవి గత ప్రభుత్వ హయాంలో జరిగినవమ్మా. మన లెక్కలోకి రావు."

అంత చురుకైన బుర్రను వెతికి పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన వ్యవస్థను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

నర్సక్కకు అసలు పేరు ఒకటి ఉంది గాని, అది జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆరోగ్య కేంద్రం వెనక, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసే గదిని ఎనిమిదేళ్ళ క్రితం తనే ఊడ్చి, రెండు స్టూళ్ళు, ఒక టేబులు వేసుకుంది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తలుపు తెరిచి కూర్చునేది. బడి పిల్లలు వచ్చేవారు, కాలేజీ పిల్లలు వచ్చేవారు, చదువు మానేసి పనుల్లో చేరినవాళ్ళూ వచ్చేవారు. అందరూ మొటిమల గురించి అడిగేవారు. మొటిమలతో మొదలుపెట్టి అసలు విషయానికి రావడానికి ఒక్కొక్కరికి మూడు వారాలు పట్టేది. ఆ మూడు వారాలూ ఆమె ఓపిగ్గా మొటిమల గురించే మాట్లాడేది. నాలుగో వారం వాళ్ళు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగేవారు. ఆమె గొంతు తగ్గించకుండా చెప్పేది. ఈ ఎనిమిదేళ్ళలో ప్రసూతి వార్డులో చిన్నపిల్లల ముఖాలు కనబడటం బాగా తగ్గింది. ఈ సంగతి ఏ ఫైల్లోనూ లేదు. జరగనిదాన్ని రాసుకునే గడి ఫైళ్ళలో ఉండదు.

మంత్రిగారి ప్రకటన తర్వాత మూడో రోజున పదకొండు మందితో కమిటీ ఏర్పడింది. యువత ఆరోగ్యం కోసం వేసిన కమిటీ కాబట్టి, అందులో అందరికంటే చిన్నాయన వయసు యాభై నాలుగు. అధ్యక్షుడు మాజీ హెడ్మాస్టరు గారు. ఆ పదకొండు మందికీ తోడు నర్సక్కను సభ్య కార్యదర్శి అన్నారు, అంటే అందరూ మాట్లాడాక సంతకం పెట్టే మనిషి. కమిటీ కూర్చోవడానికి నర్సక్క గదే అనువుగా ఉందన్నారు. టైము కూడా సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అయితే అందరికీ నిద్ర లేచి రావడానికి వీలుగా ఉంటుందన్నారు.

"ఆ టైములో పిల్లలు వస్తారండీ," అంది నర్సక్క.

"పిల్లల కోసమే కదమ్మా మనం కూర్చుంటున్నది," అన్నారు మాజీ హెడ్మాస్టరు గారు.

మొదటి పని పట్టణమంతా బోర్డులు పెట్టడం. నర్సక్క రాత్రింబవళ్ళు ఆలోచించి ఒక కాగితం రాసుకొచ్చింది. శరీరంలో ఏ మార్పులు వస్తాయి, గర్భం ఎలా వస్తుంది, రాకుండా ఏం చేయాలి, ఎవర్ని అడగాలి. పన్నెండు వాక్యాలు. కమిటీ వాటిని ఎంతో శ్రద్ధగా పరిశీలించింది.

'గర్భం' దగ్గర మొదటి అభ్యంతరం వచ్చింది. "ఆ మాట గోడ మీద రాస్తే ఎట్లా? ఆ గోడ పక్కనే మా ఇల్లు," అన్నారు ఒకాయన. దాన్ని తీసేసి 'ఆ పరిస్థితి' అని పెట్టారు. 'శరీరం' అనే మాట కాస్త పచ్చిగా ఉందన్నారు. 'వ్యక్తిత్వం' చేశారు. 'నెలసరి' అన్నది చదవగానే ఇద్దరు సభ్యులు మంచినీళ్ళకని లేచి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అది 'నెలవారీ కార్యక్రమాలు' అయి ఉంది. అప్పుడు మొత్తం చదివి చూస్తే, నెలవారీ కార్యక్రమాల వల్ల వ్యక్తిత్వంలో మార్పులు వస్తాయని తేలింది. అది సహకార సంఘం ప్రకటనలా ఉందని అందరికీ అనిపించి, ఆ వాక్యాలన్నీ కొట్టేశారు. చివరికి ఒకే ఒక్క వాక్యం మిగిలింది. 'ఆ పరిస్థితి రాకుండా జాగ్రత్త పడండి.'

ఇక బొమ్మ. బోర్డులు రాసే పెయింటరు ఒక బల్ల మీద అమ్మాయి, అబ్బాయి కూర్చుని నర్సుతో మాట్లాడుతున్నట్టు గీసుకొచ్చాడు.

"ఇద్దరి మధ్యా దూరం ఉండాలి," అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఎంతండీ?"

"ఒక మనిషి పట్టేంత."

పెయింటరు జరిపాడు. "మధ్యలో బోసిగా ఉందండీ. పుస్తకం పెట్టమంటారా?"

"కలిసి చదువుకుంటున్నారనుకుంటారు."

"పూలకుండీ?"

"పూలు అసలే వద్దు."

అరగంట చర్చించాక మంచినీళ్ళ సీసా పెట్టవచ్చని ఏకగ్రీవంగా తీర్మానించారు. సీసా మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అంతలో ఒక సభ్యుడికి, జాగ్రత్త అని రాశాక ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు ఉండాలి కదా అని తట్టింది. అమ్మాయి మీద పెడితే మహిళా సభ్యురాలు ఒప్పుకోలేదు. అబ్బాయి మీద పెడితే ముగ్గురు కొడుకులున్న సభ్యుడు లేచి నిలబడ్డారు. నర్సు మీద పెట్టడానికి వీల్లేదు, ప్రభుత్వోద్యోగి. మిగిలింది సీసా. దాని తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

నర్సక్క ఒకటికి రెండుసార్లు చెప్పి చూసింది. "ఇది చూసి పిల్లలకేం అర్థమవుతుందండీ?"

"అర్థం కాకపోవడమే మంచిదమ్మా," అన్నారు పెద్దాఫీసరు గారు. "ఫిర్యాదులు రావు."

ఆమె సంతకం పెట్టింది. పెట్టాక పెన్ను మూత ఎక్కడో పోయిందని చాలాసేపు వెతికింది. మూత చేతిలోనే ఉంది.

వారం తిరక్కుండా రెండు వందల బోర్డులు నిలబడ్డాయి. బస్టాండులో, కాలేజీ గేటు దగ్గర, సినిమా హాలు ఎదురుగా, ఎటు చూసినా అదే. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, మధ్యన సీసా, సీసా మీద ఎర్రటి ఇంటూ. ఆ పరిస్థితి రాకుండా జాగ్రత్త పడండి.

బోర్డులు పెట్టిన పదో రోజు సాయంత్రం, కమిటీ తన పనితీరును తానే అభినందించుకునే తీర్మానం చదువుతుండగా, పదహారేళ్ళ అమ్మాయి ఒకతె తలుపు దగ్గర నిలబడింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"కమిటీ నడుస్తోందమ్మా. తర్వాత రా," అన్నారు హెడ్మాస్టరు గారు.

"దేని గురించండీ కమిటీ?"

"నీ గురించే."

ఆ పిల్ల తల ఊపి వెనక్కి తిరిగింది. రెండు మెట్లు దిగి మూడో మెట్టు మీద కుప్పకూలింది.

నర్సక్క లేచిన ఊపుకి స్టూలు పడిపోయింది. పిల్లను ఎత్తుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టి, పదకొండు మందినీ బయటికి నడవమంది. కోరం ఉందని ఒకాయన గుర్తుచేశారు. కోరాన్ని కూడా తీసుకుపొమ్మంది.

తలుపు వేశాక, కళ్ళు తెరిచిన పిల్ల మొదట అన్నమాట, "అక్కా, నాకు ఆ పరిస్థితి వచ్చింది."

నర్సక్క పడిపోయిన స్టూలు ఎత్తి పెట్టుకుని పక్కనే కూర్చుంది. గొంతు మామూలుగానే ఉంచుకుంది. "ఏం జరిగిందో చెప్పు. ఎవరికీ చెప్పను."

"మా క్లాసబ్బాయి సీసాలో నీళ్ళు తాగాను."

"ఇంకా?"

"మూడు గుక్కలు."

పిల్ల చెప్పుకుపోయింది. ఆటల పీరియడ్లో దాహమేసింది. మర్నాడు బస్టాండులో బోర్డు చూసింది. అప్పట్నించీ కడుపు కనబడకూడదని తొమ్మిది రోజులుగా అన్నం మానేసింది. బడి మానేస్తానని ఉత్తరం రాసి సంచిలో పెట్టుకుంది. ఆ అబ్బాయికి చెప్పలేదు, వాడికి పరీక్షలున్నాయి కదా అని.

ఎవరైనా నవ్వాల్సిన చోటే. నర్సక్కకు నవ్వు రాలేదు. ఆ బోర్డు కింద తన సంతకం ఉంది.

ఆమె తెల్లకాగితం తీసుకుని, బొమ్మలు గీసి, తను మొదట రాసుకొచ్చిన పన్నెండు వాక్యాలూ ఒక్కటీ వదలకుండా నలభై నిమిషాల్లో చెప్పింది. శరీరాన్ని శరీరమనీ, గర్భాన్ని గర్భమనీ అంది. పిల్ల కళ్ళార్పకుండా విన్నది.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే."

"మరి ఇదే బోర్డు మీద రాయొచ్చుగా?"

సభ్య కార్యదర్శి తను తినకుండా ఉంచిన టిఫిను డబ్బా తీసి ముందు పెట్టింది. పిల్ల అడుగు కనబడేదాకా తిని, డబ్బాలోకి తొంగి చూసి, "ఇంకేమన్నా ఉందా?" అంది. అప్పుడు నర్సక్క నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దాఫీసరు గారి దగ్గరికి వెళ్ళింది. "బోర్డులు తీయించండి సార్."

"తీయాలంటే ఇంకో కమిటీ వేయాలమ్మా. అందులోనూ నువ్వే కార్యదర్శివి. ఆలోచించుకో."

ఆలోచించుకుని తిన్నగా పెయింటరు ఇంటికి పోయింది. పిల్ల ఎవరో చెప్పకుండా జరిగింది చెప్పింది. అతను బ్రష్షు కింద పెట్టేశాడు.

"అందుకా? మా పాప వారం నుంచి వాళ్ళన్న సీసా ముట్టుకోవట్లేదు. ఏంటే అంటే ఏడుస్తుంది. గొడవ పడ్డారేమో అనుకున్నాం."

ఆ మధ్యాహ్నమే అతను నిచ్చెన, నీలం రంగు డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ఎవర్నీ అడగలేదు. రెండు రోజుల్లో రెండు వందల బోర్డుల కిందా ఒక వాక్యం చేరింది. 'సీసా వల్ల ఏమీ కాదు. దేనివల్ల అవుతుందో నర్సక్కను అడగండి, సాయంత్రం నాలుగింటికి.'

మూడో రోజు నాలుగింటికి గది ముందు లైను ఆరోగ్య కేంద్రం చుట్టూ తిరిగి, రోడ్డు దాటి, సైకిల్ షాపు దాకా పోయింది. అమ్మాయిలు, అబ్బాయిలు, చేయి పట్టుకుని తీసుకొచ్చిన తల్లులు, తల్లులకు తెలియకుండా వచ్చిన అత్తలు. ఒక తాతగారు కూడా నిలబడ్డారు, లైను దేనికో తెలియదు గాని పొడుగ్గా ఉంది కాబట్టి. ఎవరూ మొటిమల ఊసెత్తలేదు. ఆ మూడు గుక్కల పిల్ల లైను వెంట నడుస్తూ, భయపడిన ముఖం కనబడ్డచోటల్లా ఆగి, "సీసా అయితే ఇంటికి పో. సీసా కాకపోతే ఉండు," అని చెప్పింది. సగం మంది ఊపిరి పీల్చుకుని ఇంటికి పోయారు. మిగతా సగాన్ని చూస్తే నర్సక్కకు ఈ లైను ఎందుకు కావాలో అర్థమైంది. ఆ పూటనుంచి కమిటీకి కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. నర్సక్కకు మంచినీళ్ళు తాగే తీరిక లేదు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

పెద్దాఫీసరు గారు లైనును కొలిపించి పైకి నివేదిక పంపారు. బోర్డుల ప్రభావం మీటర్లలో నిరూపితమైందని రాశారు. అది చదివి మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. కార్లు ఆగాయి, కెమెరాలు దిగాయి. మంత్రిగారు లైనును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి పరవశించిపోయారు. అక్కడికక్కడే, జీపు బానెట్ మీద నిలబడి, కొత్త పథకం ప్రకటించారు. ఇకపై ప్రతి విద్యార్థికీ ప్రభుత్వం తరఫున ఎవరిది వారికి మంచినీళ్ళ సీసా. ఒకరిది ఇంకొకరు ముట్టుకోకుండా మూతకు తాళం.

"సీసాలు పెట్టడానికి పొడిగా ఉండే గది కావాలి సార్," అన్నారు పెద్దాఫీసరు గారు.

"ఈ గది బాగుందిగా," అన్నారు మంత్రిగారు. "రేపు ఖాళీ చేయించండి."

లైన్లో గుసగుస మొదలైంది. నర్సక్క గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో పైవాళ్ళెవరికీ ఎదురు చెప్పని మనిషి, "ఖాళీ చేయను సార్," అంది. పెద్దాఫీసరు గారు దగ్గారు. ఫొటోగ్రాఫర్లు ఏం తీయాలో తెలియక మంత్రిగారినే తీశారు.

మంత్రిగారికి కోపం రాలేదు. ఆయన నర్సక్క వైపు ఒకరకంగా చూసి, అందర్నీ ఆగమని చెయ్యెత్తి, ఆమెతో పాటు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశారు. అటూ ఇటూ చూశారు. కండువాతో నుదురు తుడుచుకున్నారు.

"అమ్మా, ఒక్క మాట. బయట అనకు."

"చెప్పండి సార్."

"సీసా సంగతి నాకు అర్థమైంది." ఆయన గొంతు తగ్గించారు. "మరి గ్లాసు?"

నర్సక్క ఆయన ముఖంలోకి చూసింది. పరాచికాల ఛాయ ఎక్కడా లేదు. స్టూలు ముందుకు జరిపి, టేబులు మీద నుంచి తెల్లకాగితం తీసుకుంది.

"కూర్చోండి సార్. మొదటి నుంచీ చెప్తాను."

మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలోనే వేశాయి. యువత ఆరోగ్యంపై మంత్రిగారు నలభై నిమిషాల పాటు సుదీర్ఘ సమీక్ష జరిపారనీ, అనేక అంశాలను లోతుగా అడిగి తెలుసుకున్నారనీ, బయటికి వచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదనీ. లోపలి పేజీలో, కింద, చిన్న అక్షరాల్లో, సీసాల పథకం అనివార్య కారణాల వల్ల రద్దయిందని ఉంది.