ఆరడుగుల మొక్కే ముద్దు

రోడ్డు పక్కన నాటిన మొక్క బతకడం ఊరికి మంచిది కాదు. ఈ మాట ఆవేశంలో అనడం లేదు. తిరుపతిలో ఆరేళ్ళుగా సర్కారు నాటే మొక్కల్ని కొలిచే ఉద్యోగం చేస్తూ, బాగా ఆలోచించే అంటున్నాను.

మీరే చెప్పండి. మొక్క చెట్టయితే ఏమవుతుంది? కరెంటు తీగలకు తగులుతుంది. లాడ్జి బోర్డుకు అడ్డం వస్తుంది. ఆకులు రాలుస్తుంది. కాకులు చేరతాయి. కింద ఇస్త్రీబండి వస్తుంది, దాని పక్కన టీ బంకు వస్తుంది, ఆ బంకు ముందు నలుగురు చేరి రాజకీయాలు మాట్లాడతారు. అదే మొక్క రెండు నెలల్లో ఎండిపోయిందనుకోండి, ఎవరికైనా ఏమైనా ఇబ్బంది ఉందా?

పైగా, మరుసటేడు అదే గుంతలో ఇంకోటి నాటుకోవచ్చు! తిరుచానూరు రోడ్డులో మాకు అరవై గుంతలున్నాయి. ఐదేళ్ళలో ఒక్కో గుంతకు ఐదేసి ప్రారంభోత్సవాలు జరిగాయి. చెట్లు బతికే ఊళ్ళకు ఈ భాగ్యం ఉంటుందా?

అయితే ఇదేమీ తేలిక కాదు. మొక్క మొండిది. దాని మానాన దాన్ని వదిలేస్తే బతికేస్తుంది. నమ్మకంగా ఎండిపోయే మొక్కను ఏరడం ఒక శాస్త్రం. మా ఆఫీసు ఆ శాస్త్రాన్నంతా ఒక్క నిబంధనలో ఇమిడ్చింది: మొక్క ఎత్తు ఆరడుగులకు తగ్గరాదు.

ఎందుకు ఆరడుగులు? నాటే రోజున పెద్దలు వస్తారు, ఫోటో తీస్తారు. మొక్క పొట్టిదైతే ఫోటోలో పడదు. ఆ పెద్దమనిషి కింద పడిపోయిన తాళంచెవి వెతుక్కుంటున్నట్టుగా ఉంటుంది. బాగుంటుందా?

మాకు మొక్కలు సరఫరా చేసే జయరావుగారు ఈ నిబంధన సారం గ్రహించిన మనిషి. ఆయన నర్సరీలో కానుగ మొక్కలు తిరుమల కొండబస్సులో నిలబడిన జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. పక్కకు చోటు లేక, వెలుతురు కోసం పైపైకి పోతాయి. కింది కొమ్మలు ఆయన కత్తిరించేస్తాడు. కాండం చూస్తే అగరుబత్తి లావు. ఎత్తు మాత్రం ఆరడుగుల రెండంగుళాలు! కట్టిన వెదురుకర్ర విప్పితే చాలు, వంగి మనకు నమస్కారం పెడుతుంది. ఎంత వినయం!

ఇక వేర్లు. మూడేళ్ళు అదే చిన్న కవర్లో ఉండి, దారి దొరక్క, గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉంటాయి. గుంతలో పెట్టాక కూడా ఆ చుట్ట విడదు. పక్కనే మెత్తటి మట్టి ఉన్నా వేరు అటు పోదు. క్రమశిక్షణ అంటే అదీ!

మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. కాలేజీలో వేర్ల మీద ఒక పాఠమంతా చదివి పరీక్ష రాశాను. ఉద్యోగంలో చేరాక చూస్తే, రిజిస్టర్లో వేర్లకు గడి లేదు. గడి లేనిదాన్ని చూడడం నా డ్యూటీ కాదు.

పోయినేడు, అంటే 2001 వానల చివర, ఆ ఏటి మొక్కలు అప్పటికే ఎండిపోయాక, రేణిగుంట దారిలో నర్సరీ పెట్టుకున్న చెంగయ్య అనే రైతు వాటి బదులు తన కానుగ మొక్కలు చూడమని ఆటోలో వేసుకొచ్చాడు. మొదలు బొటనవేలంత లావు. కింది నుంచే ఆకు. కర్ర కట్టకుండానే నిటారుగా నిలబడ్డాయి. కానీ ఎత్తు నాలుగడుగులే!

"రెండడుగులు తక్కువప్పా," అన్నాను.

"ఎత్తేం సూస్తావు సార్, వేరు సూడు." చెంగయ్య అక్కడికక్కడే ఒక కవరు చించాడు. "ఏడాదికొకతూరి కవరు మార్చినా. సుట్టుకున్న వేరు కత్తిరించినా. ఎడంగా పెట్టి గాలికి ఊగనిచ్చినా. ఊగితేనే గదా మొదలు లావయ్యేది!"

"గాలికి ఊగినట్టు రాయడానికి గడి లేదప్పా."

"మీరు మొక్కలు కొంటా ఉండారా, పోలీసోళ్ళను సెలెక్సన్ చేస్తా ఉండారా?" అన్నాడు.

నేను మొత్తం లోడు తిరస్కరించాను. పొరపాటంతా ఆ తర్వాత జరిగింది.

నలభైమూడో గుంత పక్కన మునిరత్నమ్మ పూలు అమ్ముతుంది. పదకొండయ్యేసరికి ఎండ నేరుగా బుట్ట మీద పడుతుంది. మల్లెలు వాడిపోతాయి. ఆ తర్వాత అమ్మవారి గుడికి పోయే యాత్రికులు బుట్టలోకి ఒకసారి చూసి ముందుకు నడుస్తారు. మిగిలిన మధ్యాహ్నమంతా ఆమె వాడిన పూలతో కూర్చోవాలి. అందుకే నీడ కోసం ఐదేళ్ళూ మా ఆరడుగుల మొక్కలకు నీళ్ళు పోసింది. ఐదో మొక్కా ఎండినాక దాన్ని పెరికి నా చేతికిచ్చింది.

"ఇది ఈడికొచ్చి సావలేదు సామీ. మీరు తెచ్చిందే పీనుగను. ఐదేండ్లు పీనుగలకు నీళ్ళు పోసినా!"

అని ఊరుకోలేదు. చెంగయ్య ఆటో ఆ దారినే వెనక్కి పోతుంటే ఆపి, ఒక మొక్క అడిగి తీసుకుని, ఆ గుంతలో తానే నాటింది.

అది బతికింది.

ఈ ఏడు రిజిస్టరు పట్టుకుని పోయాను. యాభైతొమ్మిది గుంతలు సక్రమంగా ఖాళీగా ఉన్నాయి. నలభైమూడులో మాత్రం ఐదడుగుల కానుగ గుబురుగా నిలబడి ఉంది. మా లెక్కలో ఆ గుంతలో పోయినేడు నాటింది ఆరడుగుల మొక్క. పెద్దసారు కాగితం చూసి కళ్ళద్దాలు తీశారు.

"ఏమయ్యా, చెట్టు ఏడాదిలో అడుగు పొట్టిదైందా? దాన్ని తీసేసి ఆరడుగులది పెట్టు."

సరైన మాటే కదా! ఈ ఏటి నాట్ల ఫోటోకు ముందురోజు గడ్డపార ఇచ్చి ఓబయ్యను వెంటబెట్టుకుపోయాను. మా ఆఫీసులో గుంతల పని ఓబయ్యదే. మునిరత్నమ్మ పూలబుట్టను మొక్క మొదట్లోకి జరిపి, దాని పక్కనే కూర్చుంది.

"పెరకండి. నా బుట్ట యాడ పెట్టుకోవల్లో సూపించి పెరకండి. ఈ ఎండాకాలం పన్నెండైనా నా మల్లెపూలు వాడలేదు, తెలుసునా?"

"ఆర్డరు ఉందమ్మా."

"మీ ఆర్డరు నీడిస్తాదా సామీ?"

ఓబయ్యకు సైగ చేశాను.

ఓబయ్య మా మొక్కల్ని ఒక చేత్తో బీడీ పట్టుకుని రెండో చేతి రెండు వేళ్ళతో పెరికేవాడు. ఈసారి బీడీ పారేశాడు. రెండు చేతులతో పట్టి, మడమలు తన్నిపెట్టి లాగాడు. కదల్లేదు. ఒక పక్క గడ్డపార వేస్తే వేరు తగిలింది. ఇంకో పక్క వేస్తే అక్కడా వేరే. చెమట తుడుచుకుని, ఆ మొక్క నీడలోనే బుట్ట పక్కన చతికిలబడ్డాడు.

"ఇది రాదు సార్. కింద యాడికి పోయిండాదో దానికే తెలియల్ల."

"కూసో అబ్బా, కూసో," అంది మునిరత్నమ్మ. "సారును గూడా కూసోమను. సోటుండాది."

నేను కూర్చోలేదు, డ్యూటీలో ఉన్నాను. నిలబడే రిజిస్టరు తెరిచి, గడి లేదు కాబట్టి అంచున రాశాను: "నలభైమూడో గుంతలోని మొక్కను తొలగించడం వీలుపడలేదు. కారణం: వేర్లు." ఆరేళ్ళలో ఆ మాట మా రిజిస్టర్లోకి రావడం అదే మొదలు.

ఎంత ప్రమాదమో గ్రహించారా? ఒక గుంత శాశ్వతంగా చెయ్యి జారిపోయింది! అరవై గుంతలకూ ఇదే గతి పడితే, పెద్దలు మొక్కలు నాటడానికి ఎక్కడికి పోవాలి?

కాబట్టి పై అధికారులకు నా విన్నపం. వచ్చే వానలకు మొక్కలు ఎంచేటప్పుడు దయచేసి కొలబద్ద కాసేపు కింద పెట్టండి. కవరు విప్పి వేర్లు చుట్టుకున్నాయేమో చూడండి. మొదలు పట్టుకుని లావు చూడండి. కర్ర విప్పి, సొంతంగా నిలబడుతుందేమో చూడండి. ఇలా శ్రద్ధగా చూసి, గట్టి మొక్కలన్నీ ఒక పక్కకు ఏరండి. ఏరి, వెంటనే తిరస్కరించండి.

తిరస్కరించినవాటిని ఏం చేయాలా అని దిగులు పడనక్కర్లేదు. తిరుచానూరు రోడ్డు పొడుగునా బుట్టలు ముందు పెట్టుకుని ఎండలో కూర్చున్నవాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళ పేర్లు, గుంతల నంబర్లు రాసుకుని ఉంచాను.