గరాజ్‌ను వెచ్చబెట్టకండి!

పాఠక మహాశయులారా! మంచుకాలంలో గరాజ్ గడ్డకట్టుకుపోవడాన్ని మించిన వరం మగవాడికి లేదు! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

పోయిన అక్టోబరులో, అంటే 1981లో, మా కార్ల కంపెనీ నన్ను లేఆఫ్ చేసింది. పదకొండేళ్ళు కార్లకు హీటర్లు డిజైన్ చేసిన ఇంజనీర్ని! మర్నాటి నుంచి ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి ఒకటే ఫోన్లు. అందరిదీ ఒకే ప్రశ్న: "ఇప్పుడేం చేస్తున్నారు?"

"పుస్తకాల బీరువా చేస్తున్నాను" అంటే జోకనుకుని నవ్వేవారు. నిజంగానే చేస్తున్నాను, గరాజ్‌లో.

ఆహా, ఏమి చలి! జిగురు రాయైంది. వార్నిష్‌లో ముంచిన బ్రష్ నిటారుగా నిలబడింది. చెక్క చిత్రిక పడుతుంటే నా పళ్ళ చప్పుడే ఎక్కువ వినిపించేది. అయితేనేం? అటువైపు పిట్ట తొంగిచూడలేదు! మునులు హిమాలయాలకు తపస్సు కోసం వెళ్ళారనుకుంటున్నారా? పరామర్శలు తప్పించుకోవడానికండీ!

మా ఆవిడ పద్మిని నా పగిలిన వేళ్ళు చూసింది. "హీటర్ల ఇంజనీరట! చేతులు చూసుకున్నారా?" అని, తనే వెళ్ళి గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ చుట్టలు తెచ్చింది. చలి లోపలికి రాకుండా ఇద్దరం వాటిని గోడల సందుల్లో కూరి, పైన పలకలు కొట్టాం. దురదగొండి తగిలినట్టు మూడు రోజులు గోక్కున్నాం. తర్వాత కిరోసిన్ హీటరొచ్చింది. అది వెలిగిస్తే పొగకు ప్రాణాలు పోకుండా కిటికీ కొంచెం తెరిచి ఉంచాలట! వేడి చేయడమెందుకు, కిటికీ తెరవడమెందుకు? ఆవిడనడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గరాజ్ వెచ్చబడింది. నా కొంప మునిగింది!

ఆదివారం నా స్నేహితుడు జగన్మోహన్ వచ్చి నా స్టూల్ ఆక్రమించాడు. "అబ్బ, మీ లివింగ్ రూమ్ కన్నా ఇక్కడే కంఫర్టబుల్‌గా ఉంది గురూ! రెజ్యూమె అప్‌డేట్ చేశావా?"

పై ఆదివారానికి ఐదుగురయ్యారు. బీరువా పలకల మీదే కూర్చుని, పద్మిని ఇచ్చిన కాఫీ తాగుతూ నా భవిష్యత్తు నిర్ణయించారు. చమురు కంపెనీల్లో ఉద్యోగాలున్నాయని ఒకరు హ్యూస్టన్ పొమ్మన్నారు. ఒకరు కంప్యూటర్లు నేర్చుకోమన్నారు. పలక మీంచి లేవమంటే మాత్రం ఒక్కరూ లేవలేదు!

హీటర్ ఆర్పేసి పెద్ద తలుపు ఎత్తేశాను. మంచుగాలి రివ్వున కొట్టింది. రెండు నిమిషాల్లో నాలుగు కార్లు మాయం! చలి మహిమ చూశారా?

ఒక్క రాజగోపాల్ గారు మిగిలారు. ఆఫీసులో నాకు సీనియర్. అంతసేపూ నోరు విప్పనిది ఆయనొక్కరే. గ్లవ్స్ తొడుక్కుని, నేను ఎత్తబోతున్న పలక అవతలి కొస పట్టుకున్నారు.

"మీరు వెళ్ళలేదేమండీ?"

"శుక్రవారం నాకూ లెటర్ ఇచ్చారయ్యా. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"అయ్యో! మరి ఇప్పుడేం చేస్తారు?"

అనేశాను! పాఠకులారా, నేనే, ఈ నోటితోనే!

ఆయన తన వైపు కొసను కాస్త పైకెత్తారు. "ప్రస్తుతానికి ఈ పలక పట్టుకుంటాను," అన్నారు.

నేను తలుపు దించి, హీటర్ వెలిగించాను.