తుమ్మచెట్టు మీద పారాచూట్

"బావా, కృష్ణా జిల్లాలో నేరం అనేది ఇవాళ్టితో ఆఖరు. ఎందుకంటావేం?"

పున్నయ్య ఎందుకని అడగలేదు. అడక్కపోయినా చెబుతాడని అతనికి తెలుసు.

"నేనున్నాను గనక!" అన్నాడు నాగభూషణరావు, జబ్బకు కట్టుకున్న ఖాకీ పట్టీ సర్దుకుంటూ.

చైనా యుద్ధం అయిన మరుసటేడు ఊరూరా వాలంటీర్లను వేశారు. పెడనకి కాస్త ఎగువన, కాలువ గట్టునున్న ఆ ఊరికి నాగభూషణరావు వాలంటీరు. కొత్తవాళ్ళొస్తే ఎవరని అడగటం, గట్టుకి గండి పడిందేమో చూడటం, నిప్పంటుకుంటే నలుగుర్నీ పోగెయ్యటం అతని పని. జీతం లేదు. చేతి పట్టీ, ఈల, లాఠీ ఇచ్చారు. అతని ఇంట్లో బియ్యం డబ్బా కంటే డిటెక్టివ్ నవలల పెట్టె పెద్దది. అంచేత ఈల చేతికందగానే అతనిలోని అపరాధ పరిశోధకుడు మేలుకున్నాడు. చెల్లెలి మొగుడైన పున్నయ్యను అసిస్టెంటుగా వేసుకున్నాడు. పున్నయ్యకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు.

అప్పటిదాకా అతను ఛేదించిన కేసు ఒకటే, వెంకాయమ్మ కోడిపెట్ట మాయమైన కేసు. కోడి గంప కిందే ఉంది. గంప ఎత్తి చూసింది కూడా వెంకాయమ్మే.

ఆ ఉదయం గట్టు మీద గస్తీ తిరుగుతుండగా, తుమ్మచెట్టు మీద పెద్ద తెల్లగుడ్డ ఒకటి గాలికి ఉబ్బుతూ కనబడింది. నాగభూషణరావు చటుక్కున నేల మీద బోర్లా పడుకున్నాడు.

"పడుకో బావా! పారాచూట్! శత్రువు దిగాడు!"

"పెడన అద్దకం గుడ్డలా ఉంది బావా. గట్టున ఆరేస్తారుగా, గాలికి కొట్టుకొచ్చుంటుంది."

"నువ్వలా అనుకోవాలనే వాడు అలాంటి గుడ్డ కట్టుకుని దూకాడు."

ముళ్ళు గుచ్చుకుంటూ గుడ్డను కిందికి దింపింది పున్నయ్యే. దగ్గర్నుంచి చూస్తే దాని నిండా నల్లటి తీగలు అచ్చు వేసి ఉన్నాయి, మధ్యలో ఖాళీలు. నాగభూషణరావు జేబులోంచి భూతద్దం తీశాడు.

"మ్యాపు! ఈ వంకరగీతలన్నీ మన కాలువలే."

"ఇది ఆకులా ఉంది బావా."

"ఆకు కాదు, ఆకుమర్రు లాకులు!"

"మరి ఈ పువ్వు?"

"పులిగడ్డ అక్విడక్టు!" అని గుడ్డను వాసన చూశాడు. అద్దకానికి ముందు గుడ్డను నానబెట్టే కరక్కాయ కషాయం వాసన గుప్పుమంది. "అనుకున్నాను. రహస్య సిరా! ఈ ఖాళీల్లో కంటికి కనబడనిదేదో ఉంది."

అప్పుడే ఒక కుర్రాడు సైకిలు మీద రొప్పుతూ వచ్చి ఆగాడు.

"అండీ, ఇటు పైనుంచి ఏమన్నా వచ్చి పడిందాండీ?"

నాగభూషణరావు కళ్ళు మెరిశాయి. "ఎవరు నువ్వు?"

"జిలానీ అండీ. పెడన."

"చూశావా బావా, అచ్చం పెడనవాడిలానే మాట్లాడుతున్నాడు! ఎంత ట్రెయినింగు! ఏం పని చేస్తావు?"

"అచ్చులేస్తానండీ."

"దొంగనోట్లు!"

"గుడ్డ మీదండీ! అదిగో, ఆ గుడ్డ మాదే. రేపు మా చెల్లెలు జోహ్రా నిఖా. పందిట్లో కట్టే చాందినీ అది. మీకు నమ్మకం లేకపోతే, దాని మీద చిలకలున్నాయండీ."

"చిలకలేవీ?"

"ఇప్పుడు కనబడవండీ. పటికనీళ్ళతో వేశాం. ఎర్రరంగులో ఉడకబెడితే పైకొస్తాయి."

"కనబడని చిలకలు!" నాగభూషణరావు పున్నయ్య భుజం పట్టుకుని ఊపేశాడు. "నేరం ఒప్పుకున్నాడు బావా! రహస్య సిరా అని నే చెప్పలా?"

పున్నయ్య ఎంత చెప్పినా లాభం లేకపోయింది. పున్నయ్య తువ్వాలుతోనే జిలానీ చేతులు కట్టించి, సైకిలు పున్నయ్యకిచ్చి, సాక్ష్యాన్ని ఎవరూ లాక్కోకుండా ఆ బారలకొద్దీ గుడ్డంతా తనే ఒంటికి చుట్టుకుని, నాగభూషణరావు పెడన పోలీసు స్టేషనుకి బయల్దేరాడు.

జిలానీ దారంతా ఒకటే బతిమాలాడు. "మా అమ్మ పొద్దుటినుంచీ కాగు కింద మంట వేసుకుని కూచుందండీ. ఇవాళ ఉడక్కపోతే రేపటికి ఆరదు. జోహ్రాకి మాటిచ్చాను." పెళ్ళింటివాణ్ణి కట్టేసి తీసుకెళ్తున్నామని పున్నయ్యకి మనసంతా చేదైపోయింది. రేపు అతన్ని గూఢచారి అని పేపర్లో వేస్తే, పెళ్ళివారు పందిట్లో అడుగు పెడతారా?

పెడన పొలిమేరలో గట్టు మీద రాగి కాగు కుతకుతలాడుతోంది. పక్కనే గెడకర్ర పట్టుకుని జిలానీ తల్లి నాగూర్ బీ నిలబడి ఉంది. కొడుకు చేతులకు కట్టు చూసింది.

"ఎవడ్రా నా బిడ్డను కట్టేసింది?"

గెడకర్రతో సహా ఆమె ఎదురొచ్చేసరికి, నాగభూషణరావుకి నవలల్లోని ధైర్యం నవలల్లోనే ఉండిపోయింది. ప్రాణభయంతో ఈల ఊదాడు.

పోలీసులు రాలేదు. కాలువలో పడుకున్న గేదెలు బెదిరి ఒక్కుమ్మడిగా గట్టెక్కాయి. ముందున్న గేదె కొమ్ముకి గుడ్డ చెంగు తగులుకుంది. గేదె కాగు వైపు పరుగెత్తింది. నాగభూషణరావు ఉన్నచోటే బొంగరంలా గిర్రున తిరిగాడు. "సాక్ష్యం! సాక్ష్యం!" అని అరుస్తూనే గుడ్డంతా విప్పేసుకుని బురదలో చతికిలబడ్డాడు. గేదె కాగు పక్కన ఆగి, తల విదిలించింది. గుడ్డ ఎగిరి సూటిగా మరిగే రంగులో పడింది.

నాగూర్ బీకి కొట్టాలన్న సంగతే గుర్తు లేదు. పరుగున వెళ్ళి గుడ్డను గెడకర్రతో లోపలికి నొక్కింది.

అందరూ కాగు చుట్టూ మూగారు. చాలాసేపటికి ఆమె గెడకర్రతో ఒక చెంగు పైకెత్తింది. నల్ల తీగల మధ్య ఖాళీగా ఉన్నచోట ఎర్రటి చిలకలు, జంటలు జంటలుగా, ముక్కూ ముక్కూ ఆనించుకుని కూర్చున్నాయి.

నాగభూషణరావు బురద చేతులతోనే జిలానీ కట్లు విప్పాడు.

"నీ చిలకలు... బావున్నాయోయ్," అన్నాడు చిన్నగా.

"ఇంకా రంగెక్కాలి. ఊరికే నించున్నావుగా బాబూ, తిప్పు," అని నాగూర్ బీ గెడకర్ర అతని చేతిలో పెట్టింది.

నాగభూషణరావు తిప్పాడు. పొగకి కళ్ళు మండుతున్నా, దేశ సరిహద్దు కాస్తున్నవాడిలా నిటారుగా నిలబడి తిప్పాడు. సంతకి వెళ్తున్న తమ ఊరి రత్నరాజు ఆ ఖాకీ పట్టీ చూసి ఆగాడు.

"ఏంటండీ నాగభూషణరావుగారూ, ఏదో పెద్ద కేసంట?"

"అవును," అన్నాడు నాగభూషణరావు కాగులోంచి చూపు తిప్పకుండా. "ఉడుకుతోంది."

పున్నయ్య సైకిలు వదిలేసి, గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.